15 ఏళ్ళకి బాస్కెట్‌బాల్ మొదలుపెడితే లేటా? హకీమ్ ఒలాజువాన్ సంగతి పూర్తిగా చెప్తా

మీ ప్రశ్న ఇంకోసారి రాస్తున్నా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. మీ బాబుకి 15 నిండాయి, ఆరడుగుల రెండంగుళాలు ఉన్నాడు, ఇన్నాళ్ళూ స్కూల్లో వాలీబాల్ ఆడేవాడు, ఈ సెలవుల్లోంచి బాస్కెట్‌బాల్ అని పట్టుబడుతున్నాడు. మీ ఆఫీసులో ఒకాయన లేటైపోయింది, ఎనిమిదేళ్ళకే మొదలెట్టాలి అన్నారు, బాబేమో ఒలాజువాన్ కూడా 15కే మొదలెట్టి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఛాంపియన్ అయ్యాడు అంటున్నాడు. అది నిజమేనా, అసలాయన ఎవరు, ఎలా ఆడాడు అని అడిగారు.

నేను యూనివర్సిటీకి సెంటర్‌గా, అంటే రింగ్ దగ్గర నిలబడి ఆడే పొడుగువాడిగా ఆడాను, ఇప్పుడు 22 ఏళ్ళుగా పిల్లలకి నేర్పిస్తున్నా. ఈ ఒలాజువాన్ పేరు ఎత్తితే నేను త్వరగా ఆపను, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మీ బాబు చెప్పింది నిజమే. కానీ సగం నిజం. ఆ మిగతా సగం తెలియకుండా పిల్లలు "ఆయన చేశాడు కాబట్టి నేనూ" అనుకుంటే కష్టం, పెద్దవాళ్ళు అసలు కథ వినకుండా "లేటు" అని కొట్టిపారేసినా తప్పే.

ఆయన 1963 జనవరి 21న నైజీరియాలో లాగోస్‌లో పుట్టాడు. యోరుబా కుటుంబం, అమ్మానాన్నలకి సిమెంట్ వ్యాపారం. అక్కడ పిల్లలందరికీ ఫుట్‌బాలే లోకం, మనకి క్రికెట్ ఎలాగో అలాగ. ఈయన గోల్‌కీపర్. స్కూల్లో హ్యాండ్‌బాల్ కూడా గట్టిగా ఆడేవాడు. మనవైపు హ్యాండ్‌బాల్ చూసినవాళ్ళు తక్కువ గానీ ఆ ఆట ఒకసారి చూడండి, బంతి చేతిలో పట్టుకుని పరిగెడుతూ, ఎదురుగా నిలబడ్డ ఇద్దరు ముగ్గురిని భుజంతో, నడుముతో, అడుగుతో బోల్తా కొట్టించి గాల్లోకి లేచి విసరాలి. పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర ఆడే బాస్కెట్‌బాల్‌కి దానికన్నా మంచి ట్రైనింగ్ ఇంకోటి ఉండదు. లాగోస్‌లో ముస్లిం టీచర్స్ కాలేజ్ అనే స్కూల్లో చదువుతున్నప్పుడు, 15 ఏళ్ళ వయసులో, ఒక టోర్నమెంట్‌కి ఈ పొడుగు కుర్రాడిని బాస్కెట్‌బాల్ టీమ్‌లోకి లాగారు. అదీ మొదలు.

ఆ రోజుల్లోది ఒక సంగతి నాకు చాలా ఇష్టం. డంక్ ఎలా కొట్టాలో చూపించాలని కోచ్ ఒక కుర్చీ వేసుకుని, దానిమీద ఎక్కి బంతిని రింగ్‌లోకి కుక్కి చూపించాడు, ఇలా కొట్టు అని. ఈ కుర్రాడు వెళ్ళి తనూ కుర్చీ ఎక్కబోయాడు! డంక్ అంటే అదే పద్ధతి అనుకున్నాడు పాపం, అప్పటిదాకా ఎవరైనా కొడితే చూసుంటే కదా. కాదు బాబూ, కింద నుంచి ఎగిరి కొట్టాలి అన్నారు. అప్పుడు ప్రయత్నిస్తే రాలేదు. అవునండీ, తర్వాత రోజుల్లో ఎన్‌బీఏలో పెద్దపెద్దవాళ్ళ నెత్తి మీదుగా డంక్ చేసినవాడు మొదట్లో ఖాళీ రింగ్‌లో కూడా కొట్టలేకపోయాడు. మా దగ్గరికి కొత్తగా వచ్చి రింగ్ అందక ఏడుపుమొహం పెట్టే ప్రతి పొడుగు పిల్లాడికీ నేను ఈ కుర్చీ సంగతి చెప్తాను.

1980లో అమెరికా వెళ్ళాడు. అప్పటికి బంతి పట్టి రెండేళ్ళు దాటిందంతే. హ్యూస్టన్ యూనివర్సిటీ ఆయన్ని ఎర్రతివాచీ పరిచి పిలిచిందేమీ కాదు, అక్కడి కోచ్ గై లూయిస్‌కి తెలిసినాయన ఆఫ్రికాలో ఒక కుర్రాడిని చూశాను అని చెప్తే సరే రమ్మనండి, చూద్దాం అన్నారు. ఎయిర్‌పోర్టులో దిగితే తీసుకెళ్ళడానికి ఒక్కడూ రాలేదు. ఫోన్ చేస్తే టాక్సీ ఎక్కి వచ్చెయ్ అన్నారట. 17 ఏళ్ళ పిల్లాడు, తెలియని దేశం. మొదటి సీజన్ అర్హత కాగితాలు తేలక ఆడనే లేదు, బయట కూర్చుని ప్రాక్టీస్ మాత్రం చేశాడు. మరుసటి ఏడు ఆడాడు గానీ మ్యాచ్‌కి సగటున 8.3 పాయింట్లే. ఆ ఏడు జాతీయ కాలేజీ టోర్నమెంట్ సెమీఫైనల్లో నార్త్ కరోలినా చేతిలో ఓడిపోయారు, ఆ టీమ్‌లో మైకేల్ జోర్డాన్ అనే ఫస్టియర్ కుర్రాడు ఉన్నాడు.

ఇక్కడే అసలు మలుపు, మీరు మీ బాబుకి చెప్పాల్సింది కూడా ఇదే. నన్ను ఎక్కువసేపు ఆడించాలంటే ఏం చెయ్యాలి అని కోచ్‌ని అడిగాడు. ఆయన, ఊళ్ళోనే మోజెస్ మలోన్ ఉన్నాడు, వేసవిలో వెళ్ళి అతనితో ఆడు అన్నాడు. మోజెస్ మలోన్ అంటే అప్పటికి ప్రపంచంలోనే నంబర్ వన్ సెంటర్, హ్యూస్టన్ రాకెట్స్‌లో ఆడేవాడు, మొత్తం మూడుసార్లు ఎంవీపీ, అంటే సీజన్‌కే బెస్ట్ ప్లేయర్. రీబౌండ్ కోసం, అంటే పడకుండా వెనక్కొచ్చిన బంతి కోసం, గోడల్ని తోసినట్టు మనుషుల్ని తోసేసేవాడు. ఫోండే రిక్రియేషన్ సెంటర్ అని హ్యూస్టన్‌లో అందరూ ఆడుకునే జిమ్ ఒకటి ఉంది, వేసవి సాయంత్రాలు ప్రొఫెషనల్స్, కాలేజీ పిల్లలు, వీధి ఆటగాళ్ళు అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. రెఫరీ ఉండడు, విజిల్ ఉండదు. ఆ కోర్టులో ఈ సన్నటి కుర్రాడు రోజూ మోజెస్ మీద నిలబడి దెబ్బలు తిన్నాడు. ఒక్కరోజు కాదు, ఒక్క వేసవి కాదు.

మోజెస్ కూర్చోబెట్టి పాఠాలు చెప్పలేదు. తనతో ఆడనిచ్చాడు, అదే సాయం అని ఒలాజువాన్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆలోచించండి, ప్రపంచంలో అందరికన్నా బలమైనవాడి మీద రోజూ ఆడితే, తర్వాత కాలేజీలో ఎదురయ్యేవాడు ఎవడైనా ఒక మెట్టు కిందే కనిపిస్తాడు. 8.3 పాయింట్లు తర్వాతి సీజన్‌లో 13.9 అయ్యాయి, ఆ తర్వాత 16.8. కాలేజీకి ఆడిన మూడు సీజన్లలో మూడుసార్లూ టీమ్ ఆ జాతీయ టోర్నమెంట్ చివరి నాలుగులోకి వెళ్ళింది. క్లైడ్ డ్రెక్స్‌లర్ కూడా ఆ టీమ్‌లోనే, డంకులు కొట్టే స్పీడు చూసి వాళ్ళకి ఫై స్లామా జామా అని పేరు పెట్టారు.

కానీ కప్పు రాలేదు. 1983 ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ మీద అందరూ వీళ్ళే గెలుస్తారు అనుకున్నారు. స్కోరు 52-52, ఆఖరి సెకన్లు, అవతలి టీమ్ వాడు చాలా దూరం నుంచి విసిరిన బంతి రింగ్‌కి తగలకుండా గాల్లోనే తక్కువ పడింది, లోరెంజో చార్ల్స్ దాన్ని గాల్లోనే అందుకుని డంక్ చేసేశాడు, అయిపోయింది. 54-52. ఓడిపోయిన టీమ్‌లో ఉండి కూడా ఆ టోర్నమెంట్ బెస్ట్ ప్లేయర్ అవార్డు ఒలాజువాన్‌కే ఇచ్చారు, దాని తర్వాత ఓడిన టీమ్ వాళ్ళకి ఆ అవార్డు మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ ఫైనల్, ఈసారి పాట్రిక్ యూయింగ్ ఉన్న జార్జ్‌టౌన్ చేతిలో 84-75తో ఓటమి. ఈ యూయింగ్ పేరు గుర్తుపెట్టుకోండి.

1984 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మొదటి పిక్ ఎవరిదని హ్యూస్టన్ రాకెట్స్‌కీ పోర్ట్‌లాండ్‌కీ మధ్య బొమ్మా బొరుసా వేశారు, హ్యూస్టన్ గెలిచి ఈయన్ని తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో జోర్డాన్ మూడోవాడు, చార్ల్స్ బార్క్‌లీ అయిదోవాడు, జాన్ స్టాక్టన్ 16వ వాడు. ఇప్పటికీ చాలామంది జోర్డాన్‌ని వదిలేశారే అని పోర్ట్‌లాండ్‌ని అంటారు గానీ హ్యూస్టన్‌ని ఎవ్వరూ అనరు, చూడండి. జోర్డాన్ కన్నా ముందు తీసుకున్నా తప్పు అనిపించుకోని పిక్ అది.

మొదటి సీజన్‌లోనే సగటున 20.6 పాయింట్లు, 11.9 రీబౌండ్లు. పక్కన ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్. ఇద్దరినీ కలిపి జంట గోపురాలు అనేవాళ్ళు. ముందు ఏడు 29 మ్యాచ్‌లే గెలిచిన టీమ్ ఈయన వచ్చాక 48 గెలిచింది. 1986లో మ్యాజిక్ జాన్సన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఉన్న లేకర్స్‌ని 4-1తో ఇంటికి పంపి ఫైనల్‌కి వెళ్ళారు, అక్కడ లారీ బర్డ్ ఉన్న బోస్టన్ చేతిలో 4-2తో ఓడిపోయారు. సరే, ఇంకో రెండేళ్ళలో కప్పు ఖాయం అనుకున్నారంతా. ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ ఎనిమిదేళ్ళ గురించి ఎవ్వరూ మాట్లాడరు, వీడియోల్లో కూడా 1986 నుంచి 1994కి ఒక్క గెంతు గెంతేస్తారు. శాంప్సన్‌కి మోకాళ్ళు, వెన్ను పోయాయి, వేరే టీమ్‌కి పంపేశారు. ఈయన ఒంటరిగా మోశాడు. 1988-89 సీజన్‌లో 282 బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లో ఆపడం), 213 స్టీల్స్ (బంతి లాక్కోవడం). ఒకే సీజన్‌లో రెండూ 200 దాటించినవాడు ఎన్‌బీఏ మొత్తంలో ఇంకొకడు లేడు. మామూలుగా సెంటర్ అంటే రింగ్ కింద కాపలా కాసేవాడు, స్టీల్స్ కొట్టేది చిన్న గార్డులు. ఈయనకి ఎలా వచ్చాయి అంటే, గోల్‌కీపర్ కళ్ళండీ. బంతి ఎటు వెళ్తుందో తన్నేవాడి భుజం చూసి ముందే కనిపెట్టడం గోల్‌కీపర్‌కి ఊపిరి లాంటిది. 1990 మార్చి 29న మిల్వాకీ మీద 18 పాయింట్లు, 16 రీబౌండ్లు, 10 అసిస్టులు (పక్కవాడు బాస్కెట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు), 11 బ్లాకులు. నాలుగు లెక్కల్లోనూ రెండంకెలు. ఎన్‌బీఏలో ఇది చేసినవాళ్ళు ఇప్పటికి నలుగురే. ఇన్ని చేసినా ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లు) మొదటి రౌండ్‌లోనే ఇంటికి రావడం మామూలైపోయింది. 1991లో ప్రత్యర్థి మోచెయ్యి తగిలి కంటి చుట్టూ ఎముక విరిగింది, 25 మ్యాచ్‌లు పోయాయి. 1992లో ఆయనకీ మేనేజ్‌మెంట్‌కీ చెడింది, ఇక టీమ్ మారిపోతాడు అనే దాకా వచ్చింది. అప్పుడు వెళ్ళిపోయుంటే ఈరోజు మనం ఈయన గురించి పాపం మంచి ప్లేయరే గానీ కప్పు లేదు అని చెప్పుకునేవాళ్ళం.

అదే రోజుల్లో ఆయన తన మతం వైపు మళ్ళీ గట్టిగా తిరిగాడు. అమెరికా వచ్చినప్పటి నుంచీ పేరుని అకీమ్ అని రాస్తుండేవాళ్ళు, 1991లో దాన్ని హకీమ్ అని సరిచేయించుకున్నాడు. పేరు మార్చుకోవడం కాదు, తప్పు దిద్దుకోవడం అన్నాడు. రంజాన్ నెలలో మ్యాచ్ ఉన్న రోజు కూడా ఉపవాసం మానలేదు, తెల్లారకముందే ఖర్జూరాలు తిని నీళ్ళు తాగి, మళ్ళీ పొద్దుగూకే దాకా చుక్క నీళ్ళు ముట్టకుండా ఉండేవాడు. 1995లో రంజాన్ ఫిబ్రవరి 1న మొదలైంది, ఆ ఫిబ్రవరికి ఎన్‌బీఏ నెలవారీ బెస్ట్ ప్లేయర్ ఎవరంటే ఈయనే. మా జిమ్‌లో రోజా ఉండి ప్రాక్టీస్‌కి వచ్చే పిల్లలున్నారు, వాళ్ళ కళ్ళు ఈ మాట వినగానే ఎలా వెలుగుతాయో నేను ప్రతి ఏడూ చూస్తాను.

ఇప్పుడు అసలు ఆట. డ్రీమ్ షేక్. డ్రీమ్ అనేది ఆయన ముద్దుపేరు.

1996లో మా పెద్దమ్మ కొడుకు హ్యూస్టన్ నుంచి వస్తూ నాకోసం ఒక వీహెచ్ఎస్ కేసెట్ తెచ్చాడు, 1995 ప్లేఆఫ్స్ టీవీలోంచి రికార్డ్ చేసింది. మన వీసీఆర్‌లో పెడితే బొమ్మ అడ్డంగా చారలు చారలుగా దొర్లిపోయింది, అమెరికా కేసెట్ సిస్టమ్ వేరు కదా. ఊళ్ళో వీడియో షాపు ఆయన దగ్గర అన్ని సిస్టమ్స్ ఆడే వీసీఆర్ ఒకటుంటే, షాపు మూసేశాక రాత్రి పదింటికి నేనూ మా టీమ్ వాళ్ళు ముగ్గురం వెళ్ళి కింద చాప మీద కూర్చుని చూశాం. శాన్ ఆంటోనియో మీద రెండో మ్యాచ్. మ్యాచ్ మొదలయ్యే ముందు డేవిడ్ రాబిన్సన్‌కి ఆ సీజన్ ఎంవీపీ ట్రోఫీ ఇచ్చారు, తన సొంత గ్రౌండ్‌లో, ఒలాజువాన్ అక్కడే నిలబడి చూస్తుండగా. ముందు ఏడు ఆ ట్రోఫీ ఈయనది. తర్వాత ఆట మొదలైంది.

ఒక బాస్కెట్ ఉంది, దాన్ని వెనక్కి తిప్పి తిప్పి ఆ షాపాయన రిమోట్ లాక్కునేదాకా చూశాం. రింగ్‌కి కాస్త దూరంలో బంతి అందుకున్నాడు, ఎదురుగా రాబిన్సన్. ఒక పక్కకి డ్రిబుల్ చేస్తూ వెళ్ళి ఆగి, షాట్ ఎత్తినట్టు చేతులు పైకి లేపాడు. చేతులొక్కటే కాదు, తల, భుజాలు, కళ్ళు అన్నీ షాట్ అనే చెప్తున్నాయి. రాబిన్సన్ అంటే చిన్నవాడు కాదు, తనూ అంతకుముందు బెస్ట్ డిఫెండర్ అవార్డు కొట్టినవాడే, గాల్లోకి లేచిపోయాడు. రాబిన్సన్ పైన ఉండగా ఈయన నాటిన కాలు నాటినట్టే ఉంచి, రెండో కాలు అవతలి పక్కకి వేసి, అతని చెయ్యి కింద నుంచి దూరి మెల్లగా బంతిని బోర్డుకి ఆనించి వేశాడు. పరుగు లేదు, తోపు లేదు. తలుపు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళినట్టు వెళ్ళాడు. ఆ మ్యాచ్‌లో 41 పాయింట్లు. ఆ సిరీస్ మొత్తం మీద సగటు 35.3, అదీ ఆ ఏటి ఎంవీపీ మీద.

మీ బాబుకి అర్థమయ్యేలా ఆ షేక్ లోపల ఏముందో చెప్తా. బాస్కెట్‌బాల్‌లో డ్రిబుల్ ఆపి బంతి పట్టుకున్నాక ఒక కాలు నేలకి పాతేసినట్టు ఉండాలి, దాన్నే పివట్ అంటారు. రెండో కాలు ఎన్నిసార్లు ఎటు వేసినా పర్లేదు. పివట్ కాలు ఎత్తితే అది మళ్ళీ నేల తాకేలోపు బంతి చేతిలోంచి వెళ్ళిపోవాలి, లేదంటే ట్రావెలింగ్. ఈ ఒక్క రూల్ లోపల ఆయన ఇల్లు కట్టుకున్నాడు. రింగ్‌కి వీపు పెట్టి బంతి తీసుకుంటాడు, భుజం మధ్యలోకి విరుస్తాడు, డిఫెండర్ అటు ఒరిగితే ఇటు బేస్‌లైన్ (రింగ్ వెనక గీత) వైపు తిరిగి వెనక్కి పడుతూ షాట్. డిఫెండర్ అది ముందే పసిగట్టి ఇటే నిలబడితే, తిరగడం సగంలో ఆపి మళ్ళీ మధ్యలోకి వచ్చి జంప్ హుక్, అంటే ఎగిరి ఒంటిచేత్తో తల మీదుగా వేసే షాట్. దానికీ లేవకుండా ఉన్నాడా, చేతులు ఎత్తి లేపి కింద నుంచి దూరడం. అంటే ముందే అనుకుని చేసే స్టెప్పులు కావు, డిఫెండర్ ఏం చేస్తే దానికి సరిపడా సమాధానం కాళ్ళలో రెడీగా ఉంటుంది. మన కబడ్డీ రైడర్ కూత పెట్టుకుని గీత దగ్గర ఆడే కాళ్ళు చూడండి, ముందుకి ఒక అడుగు చూపిస్తాడు, పట్టేవాడు కదిలాడో లేదో చూసి తర్వాత అసలు అడుగు వేస్తాడు. అదే ఇది. తన ఫుట్‌వర్క్ ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ నుంచి వచ్చిందని ఆయనే చెప్పాడు. అందుకే మొదట్లో సగం నిజం అన్నాను, బంతి పట్టింది 15కి గానీ కాళ్ళు పనిలో పడింది చిన్నప్పుడే.

ఒక్క సంగతి పక్కన చెప్తా, ఆయన్ని ఏడడుగులు అని రాసేవాళ్ళు. నిజానికి ఆరడుగుల పదంగుళాలే. శాంప్సన్, రాబిన్సన్, షకీల్ ఓనీల్, యూయింగ్, వీళ్ళందరి పక్కన పొట్టివాడే, వాళ్ళందరి మీదా ఆడి నిలబడ్డాడు.

కప్పుల సంగతి. 1993-94లో రూడీ టొమ్జానోవిచ్ కోచ్, సీజన్ మొదట్లోనే వరసగా 15 గెలిచారు. ప్లేఆఫ్స్‌లో ఫీనిక్స్ మీద మొదటి రెండు మ్యాచ్‌లు సొంత ఊళ్ళో, పెద్ద లీడ్ ఉండి కూడా చేజార్చుకుంటే హ్యూస్టన్ పేపర్‌లోనే చోక్ సిటీ అని హెడ్డింగ్ పెట్టారు, చేతులెత్తేసే ఊరు అని. మళ్ళీ పుంజుకుని 4-3తో గెలిచారు. ఊళ్ళోవాళ్ళు ఆ పేరునే తిప్పి క్లచ్ సిటీ అని పెట్టుకున్నారు, ఒత్తిడిలో నిలబడే ఊరు అని. ఫైనల్లో న్యూయార్క్, అంటే మళ్ళీ యూయింగ్. పదేళ్ళ కిందటి కాలేజీ ఫైనల్ మనుషులే. న్యూయార్క్ 3-2తో ముందుంది, ఆరో మ్యాచ్, హ్యూస్టన్ 86-84, ఆఖరి సెకన్లు. జాన్ స్టార్క్స్ చేతిలో బంతి, ఆ క్వార్టర్ అంతా వేసిందల్లా పడుతోంది, త్రీ (దూరపు గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడితే కప్పు న్యూయార్క్‌ది. ఒలాజువాన్ తన మనిషిని వదిలి బయటికి దూకి చేతివేళ్ళ కొసలతో ఆ బంతిని తాకాడు. కొసలే. బంతి రింగ్ దాకా వెళ్ళలేదు. సెంటర్ అనేవాడు త్రీ పాయింట్ గీత దాకా వచ్చి గార్డు షాట్ ఆపడం ఈరోజుల్లో అందరూ అడుగుతున్నారు గానీ 1994లో ఎవరికుంది ఆ కాళ్ళు. ఏడో మ్యాచ్ 90-84, హ్యూస్టన్‌కి మొట్టమొదటి ఎన్‌బీఏ టైటిల్. ఒకే సీజన్‌లో ఎంవీపీ, బెస్ట్ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఎత్తుకున్నది చరిత్రలో ఈయనొక్కడే. యూయింగ్‌ని తక్కువ చెయ్యొద్దు మళ్ళీ, ఆ ఫైనల్స్‌లో 30 బ్లాకులు చేశాడతను. ఓడినా పోరాడి ఓడాడు.

మరుసటి ఏడు ఇంకా పెద్దది నా దృష్టిలో. సీజన్ మధ్యలో కాలేజీ స్నేహితుడు డ్రెక్స్‌లర్ హ్యూస్టన్‌కి వచ్చాడు. 47 గెలిచి, తమ కాన్ఫరెన్స్‌లో (లీగ్‌ని రెండుగా విడదీస్తే అందులో ఒక సగం) ఆరో స్థానంలో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు, అంటే ఎవ్వరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎదురుగా 60 గెలిచిన యూటా, 59 గెలిచిన ఫీనిక్స్, 62 గెలిచిన శాన్ ఆంటోనియో, 57 గెలిచిన ఒర్లాండో. అన్నింటినీ దాటారు. ఫీనిక్స్ మీద 3-1తో వెనకబడి గెలిచారు. ఫైనల్లో కుర్ర షకీల్ ఓనీల్ ఉన్న ఒర్లాండోని 4-0. ఈయన సగటు 32.8. అంత కింద స్థానం నుంచి వచ్చి టైటిల్ గెలిచిన టీమ్ ఇంకోటి లేదు. ఆ ఆటలు ఆడిన స్టేడియం ఇప్పుడు లేక్‌వుడ్ చర్చ్, మన తెలుగువాళ్ళు హ్యూస్టన్‌లో బోలెడుమంది ఉన్నారు కదా, అటు నుంచి రోజూ కార్లో వెళ్తూ కూడా చాలామందికి ఆ సంగతి తెలీదు.

తర్వాతది వేగంగా చెప్తా. 1993లోనే అమెరికా పౌరుడయ్యాడు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున గోల్డ్. బార్క్‌లీ వచ్చి చేరినా మళ్ళీ కప్పు రాలేదు. ఒళ్ళు సహకరించడం మానేసింది, 2001లో టొరొంటోకి వెళ్ళి 61 మ్యాచ్‌లు ఆడాడు, సగటు 7.1. ఆ టొరొంటో జెర్సీలో ఆయన్ని చూడటం నాకు ఇప్పటికీ ఇబ్బందే. 2002లో వెన్నునొప్పితో ఆపేశాడు. మొత్తం 1238 మ్యాచ్‌లు, 26,946 పాయింట్లు, 13,748 రీబౌండ్లు, 3,830 బ్లాకులు. బ్లాకుల్లో ఇప్పటికీ ఈయనే టాప్. బ్లాకులు లెక్క రాయడం మొదలైంది 1973-74 నుంచి కాబట్టి బిల్ రస్సెల్, విల్ట్ చాంబర్లెయిన్ లాంటివాళ్ళవి అందులో లేవు, అది కూడా చెప్పాలి న్యాయంగా. 2008లో హాల్ ఆఫ్ ఫేమ్, అంటే బాస్కెట్‌బాల్ గొప్పవాళ్ళ గౌరవ జాబితాలో చేరాడు. హ్యూస్టన్ ఇప్పటి స్టేడియం ముందు ఆయన గుర్తుగా పెట్టిన కంచు విగ్రహంలో మనిషి లేడు, ఉత్త 34 నంబర్ జెర్సీయే ఉంది, మనిషి రూపం పెట్టకూడదనేది ఆయన నమ్మకం, వాళ్ళు దాన్ని గౌరవించారు.

ఆడే రోజుల్లోనే ఇంకో పని చేశాడు, మీలాంటి అమ్మానాన్నలకి నచ్చుతుంది. పెద్ద కంపెనీల బూట్లు నూరు డాలర్లు దాటి అమ్ముతున్నప్పుడు, ఆయన తన పేరుతో స్పాల్డింగ్ బూట్లు 35 డాలర్లకే వచ్చేలా చూశాడు. ముగ్గురు మగపిల్లలున్న పేద తల్లి 120 డాలర్ల బూట్లు ఎలా కొంటుంది అని అడిగాడు. రిటైరయ్యాక హ్యూస్టన్‌లో స్థలాలు, బిల్డింగులు కొని అమ్మే వ్యాపారం చేశాడు, మతం ప్రకారం వడ్డీ కూడదు కాబట్టి అప్పు లేకుండా మొత్తం రొక్కం పెట్టే కొనేవాడు. అరబిక్ చదువుకోవడానికి జోర్డాన్ దేశంలో అమ్మాన్ వెళ్ళి ఉన్నాడు. మధ్యలో కోబీ బ్రయంట్, డ్వైట్ హోవార్డ్, 2011లో లెబ్రాన్ జేమ్స్, ఇలా అప్పటికే స్టార్లు అయినవాళ్ళు ఆయన దగ్గరికెళ్ళి అడుగులు నేర్చుకున్నారు. ఫోండేలో మోజెస్ తనకి ఇచ్చిందే ఇంకోలా తిరిగిచ్చాడు అనిపిస్తుంది నాకు.

ఇంకో పేరు చెప్పకుండా వదల్లేను, జోయెల్ ఎంబీడ్. కామెరూన్ కుర్రాడు, ఫుట్‌బాల్, వాలీబాల్ ఆడుకునేవాడు (మీ బాబు లాగే), 15 ఏళ్ళ ప్రాంతంలో బాస్కెట్‌బాల్‌కి వచ్చాడు. కోచ్ ఇచ్చిన డీవీడీలో ఒలాజువాన్ ఆట చూసి చూసి నేర్చుకున్నాడు, 2023లో ఎన్‌బీఏ ఎంవీపీ. కాబట్టి ఒక్కడి అదృష్టం అనడానికి లేదు.

ఇక మీ బాబు. ఎన్‌బీఏ సంగతి పక్కన పెట్టండి, జిల్లా, రాష్ట్రం, యూనివర్సిటీ లెవెల్ అయితే 15కి తలుపు మూసుకుపోలేదు, నా దగ్గరే 16కి వచ్చి యూనివర్సిటీకి ఆడినవాళ్ళు ఉన్నారు. వాలీబాల్ ఆడాడు అంటే ఎగరడం, దిగడం, గాల్లో బంతి టైమింగ్ వచ్చేసి ఉంటాయి, బ్లాకులకి అది చాలా పనికొస్తుంది. రానిది పక్కకి కదలడం, నడుము దించి ఆడటం. దానికి ఆర్నెల్లు షూటింగ్ మానేసినా పర్లేదు, రోజూ అరగంట పివట్. ఎడమకాలు పాతి, కుడికాలుతో ముందుకి, వెనక్కి, తర్వాత కాళ్ళు మార్చి. బోరు కొడుతుంది, కొట్టనివ్వండి. వారానికి రెండు సాయంత్రాలు తనకన్నా పెద్దవాళ్ళతో ఆడించండి, రైల్వే వాళ్ళో పోలీసు వాళ్ళో కాలేజీ పిల్లలో సాయంత్రాలు ఆడే గ్రౌండ్ మీ ఊళ్ళో ఏదో ఒకటి ఉంటుంది. మొదటి నెల బంతి కూడా ఇవ్వరు, పడేస్తారు, మోచేతులు గీరుకుంటాయి, మీరు గేటు దగ్గర నిలబడి చూడొద్దు, చూస్తే ఇంటికి తీసుకొచ్చేస్తారు. బూట్లు మాత్రం మడమ గట్టిగా పట్టేవి కొనండి, సిమెంట్ కోర్టు మీద మామూలు రన్నింగ్ షూ వేసుకుని ఒక్కసారిగా పక్కకి తిరిగితే చీలమండ మడత పడుతుంది, అలా మూడు నెలలు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. బాబు ఎవరితోనైనా ఒకరి మీద ఒకరు ఆడుతుంటే పది నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి, మొహం, రింగ్ అక్కర్లేదు, నడుము నుంచి కింద పాదాల దాకా కనపడాలి. బంతి అందగానే ఏ కాలు నేలకి ఆనిస్తున్నాడు, రెండో కాలు వెయ్యకముందే పివట్ కాలు లేచిపోతోందా, ఎదుటివాడు ఒరిగాక కదులుతున్నాడా ముందే కదిలిపోతున్నాడా, ఈ మూడూ చూసి ఇక్కడే రాయండి, దాన్నిబట్టి మొదటి మూడు నెలలకి ఏం చేయించాలో నేను రాస్తాను.